చీల పోయి బోల్టు వచ్చింది

పెడలు ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట ‘టక్కు’. చైనును అనుమానించాను, పెడలును అనుమానించాను. ఎడమ పెడలును మోసే క్రాంకు బోల్టు వదులైందని తట్టలేదు. వారం తిరక్కుండా అది ఎక్కడో రోడ్డు మీద రాలిపోయింది. ఈలోగా అల్యూమినియం క్రాంకులో ఉన్న నలుపలకల రంధ్రం మూలలు అరిగి గుండ్రంగా తేలింది. ఇక ఎంత మంచి బోల్టు వేసినా నిలవదు, క్రాంకే మార్చాలి.

క్రాంకును ఇరుసుకు పట్టించడం పాత తలనొప్పే. 1860ల పారిస్ సైకిళ్లకు పెడళ్లు ముందు చక్రానికే ఉండేవి. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు చేశాక, చైనుతో వెనక చక్రాన్ని తిప్పే పద్ధతి స్థిరపడింది. ఆ సైకిళ్లలో చాలాకాలం క్రాంకును పట్టి ఉంచింది కాటర్ పిన్ను. పార కామ వదులైతే చీల దిగ్గొడతామే, అదే సూత్రం. మన నల్ల సైకిళ్లకు ఇప్పటికీ అదే. సుత్తీ, కొత్త కాటరూ ఉంటే చెట్టు కింది మేస్త్రీకి చిటికెలో పని.

అల్యూమినియం క్రాంకులతో ఈ సుత్తి బేరం కుదరలేదు. 1930లలో ఫ్రాన్సులో స్ట్రాంగ్‌లైట్ వాళ్లు కాటర్ లేని క్రాంకును బజారులోకి తెచ్చారు. ఇరుసు కొసను నాలుగు పలకలుగా, ఒక్కో పలకను 2 డిగ్రీల వాలుతో చెక్కి, క్రాంకును దాని మీదికి బోల్టుతో నెట్టడమే కిటుకు. అంటే ఇరుసే చీల అయింది.

60 కిలోల మనిషి 170 మిల్లీమీటర్ల క్రాంకు మీద నిలబడితే ఇరుసు మీద సుమారు 100 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. దాన్ని మోసేది పలకలే, బోల్టు కాదు. బోల్టు పనల్లా క్రాంకును నొక్కి ఉంచడం. 40 న్యూటన్ మీటర్లకు బిగిస్తే ఆ నొక్కుడు రెండు టన్నుల బరువును మించుతుంది. చిటికెన వేలంత ఇనుప ముక్కకు అది చిన్న పనేం కాదు.

నేను చేసిన తప్పు కొత్త క్రాంకుకు బోల్టు కోసం హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లడం. అక్కడ మామూలుగా దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టుకు మరల మధ్య ఎడం 1.25 మిల్లీమీటర్లు. క్రాంకు బోల్టుకు సరిగ్గా 1. దుకాణం బోల్టు ఒకటి రెండు చుట్లు ఎక్కి బిర్రబిగిసింది. పానా పట్టి బలవంతం చేసి ఉంటే ఇరుసు మరలు కూడా పోయేవి. పొడవూ సరిపోవాలి. ఎక్కువైతే బోల్టు ఇరుసు లోపలి అడుగుకు తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, క్రాంకు మాత్రం వదులే.

ఇక రంగురంగుల తేలిక బోల్టులు. అల్యూమినియం ఆ నొక్కుడుకు ఆగదు. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు గానీ, గట్టిపరిచిన ఉక్కంత బలం ఉండదు. టైటానియం వాడేవాళ్లలో కొందరు ముందు ఉక్కు బోల్టుతో క్రాంకును ఎక్కించి, తర్వాత దాన్ని మారుస్తారు. ఆ నాలుగు గ్రాముల కోసం అంత తిప్పలు నాకెందుకు? నల్ల ఉక్కు బోల్టే కొన్నాను.

బోల్టు మరలకు గ్రీజు పూయాలన్నది అందరూ ఒప్పుకునేదే. పలకల మీద పూయాలా వద్దా అన్నదే తెగని తగవు. అమెరికన్ ఇంజినీరు జాబ్స్ట్ బ్రాంట్ పూయమనే వాదించాడు, వద్దని చెప్పే తయారీదార్లూ ఉన్నారు. నేను ఈ వాదం మొదలుపెట్టేలోపే మా మేస్త్రీ డబ్బాలో వేలు ముంచి నాలుగు పలకలకూ పూసేశాడు.