చింతపండుతో తోమకూడని ఇత్తడి

ఇత్తడి బిందె చిలుము పడితే ఏమి చేయాలో మన ఇండ్లలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర లేదు. కాస్త చింతపండు, గుప్పెడు ఉప్పు, కొబ్బరి పీచు ఉంటే చాలును, బిందె తళతళలాడుతుంది. ఆ ధీమాతోనే 2019 వేసవిలో మేము అమెరికా వెళ్లినప్పుడు ఒక పాడు పని చేశాము.

మా తమ్ముడి కుటుంబం వర్జీనియా రాష్ట్రంలో ఫ్రెడరిక్స్‌బర్గ్ పట్టణం దగ్గర ఉంటున్నది. 1861 నుండి 1865 వరకు ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో రక్తంతో తడిసిన నేల అది. 1862 డిసెంబరులో అక్కడ ఓడిపోయిన ఉత్తరాది సైన్యం రాపహానాక్ నది దాటి, ఆవలి ఒడ్డున స్టాఫర్డ్ కౌంటీలో చలికాలమంతా గుడిసెలు వేసుకొని గడిపింది. లక్షకు పైబడిన మనుషులు నెలల తరబడి ఒకచోట ఉంటే ఎన్ని వస్తువులు జారిపడవు! తూటాలు, బెల్టు బిళ్లలు, కోటు బొత్తాలు ఇప్పటికీ ఆ మట్టిలో దొరుకుతుంటాయి. మెటల్ డిటెక్టరు పట్టుకొని వాటిని వెదకడమే కాలక్షేపంగా పెట్టుకున్నవారు అక్కడ చాలామంది ఉన్నారు.

తమ్ముడి ఇంటి ప్రక్కన ఉండే పెద్దాయన అట్టివారిలో ఒకరు. ఆయన తన సొంత పొలంలో అప్పుడే తీసిన బొత్తాం ఒకటి మట్టితో సహా మా చిన్నవాడి చేతిలో పెట్టారు. రెక్కలు చాచిన గ్రద్ద, దాని రొమ్ము మీద డాలు. మా మరదలి వంటింట్లో చింతపండు కనబడేసరికి మేము ఇక ఆగలేదు. పది నిమిషాలు తోమితే పచ్చని చిలుమంతా పోయింది. దానితోపాటు అక్కడక్కడ మిణుకుమిణుకుమన్న బంగారు రంగు కూడా పోయింది. చివరికి చేతిలో మిగిలినది ఈకలు అరిగిపోయిన ఒక ఎర్రని బిళ్ల.

మరునాడు పెద్దాయన దానిని చూసి కాసేపు ఏమీ అనలేదు. కోప్పడి ఉంటే మాకు తేలికగా ఉండేది. తరువాత మమ్మును తన బల్ల దగ్గరకు పిలిచి, ఇంకొక బొత్తాం తీసి, ఎలా చేయాలో చూపించారు.

అప్పుడు తెలిసినదేమంటే, ఆనాటి బొత్తాలు చాలావాటికి ఇత్తడి మీద సన్నని బంగారు పూత ఉండేది. బంగారానికి చిలుము పట్టదు గాని, దాని క్రింది ఇత్తడికి పడుతుంది. నూట యాభై ఏండ్లు మట్టిలో ఉన్నాక ఆ పూత చాలాచోట్ల ఇత్తడిని వదలి, చిలుము మీదనే ఆనుకొని ఉంటుంది. పులుపు తగిలితే చిలుము కరుగుతుంది, పూతకు కాలు నిలిపే చోటుండదు. పైగా ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసినదే గదా. మట్టి కొంత, పులుపు కొంత ఆ తుత్తునాగాన్ని లాగివేయగా ఎర్రని రాగి బయటపడుతుంది. నిమ్మరసమైనా వెనిగరైనా అంతే. 1775 నుండి 1783 వరకు సాగిన స్వాతంత్ర్య యుద్ధం నాటి తగరపు బొత్తాలైతే మరీ మెత్తన గనుక గట్టిగా రుద్దినా చాలు, పాడవుతాయి.

పెద్దాయన ముందుగా బొత్తాన్ని భూతద్దంలో నలువైపులా చూశారు. కుళాయి నీరు వాడలేదు, అందులో క్లోరిన్ ఉంటుందని డిస్టిల్డ్ వాటరులో నానవేశారు. మట్టి మెత్తబడ్డాక చెక్క పుల్ల మొన తడిపి, ఒక్కొక్క ఈక వెంబడి మెల్లగా తీశారు. బొటనవ్రేలి గోరంత బొత్తానికి గంటకు పైగా పట్టింది! ముందు రేకు అంచును వెనుక రేకు మీదికి మడిచి చేసిన బోలు బొత్తాం కాబట్టి లోపల తడి నిలుస్తుంది. అందుకని రెండు రోజులు దానిని కాగితం మీద ఆరనిచ్చారు. ఆ మీదట సన్నని మైనం పూత పూశారు. 1950వ దశకంలో బ్రిటిష్ మ్యూజియం వారు తయారు చేసిన మైనం అది. నూనె మాత్రం రాయకూడదన్నారు, దుమ్మును పట్టి ఉంచుతుందట.

వెనుకవైపు గురించి చెప్పాలి. అక్కడ చేసినవారి పేరు సన్నని అక్షరాలతో ఉంటుంది. కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీ పట్టణానికి చెందిన స్కోవిల్ కంపెనీ వారివి తరచుగా దొరుకుతాయి. కంపెనీ పేరు వ్రాసే తీరు కాలాన్ని బట్టి మారింది గనుక, బొత్తాం ఏ కాలంలో చేసినదో దానిని బట్టి అంచనా వేస్తారు. దక్షిణాది సైన్యపు బొత్తాల మీద ముందువైపు ఐ ఉంటే కాలిబంటు, సీ ఉంటే గుర్రపు దళం, ఏ ఉంటే ఫిరంగి దళం. వాటిలో కొన్ని ఇంగ్లండులో చేయించి ఓడల మీద దొంగచాటుగా తెప్పించినవి.

శుభ్రం చేశాక కూడా భయం తీరదు. మట్టిలోని ఉప్పు లోపల మిగిలితే, తేమ తగిలినప్పుడు లేత పచ్చని పొడి రాలుతూ లోహం లోలోపల తినబడుతుంది. అట్టిదానిని వేరుగా పెట్టి, మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పొడిగా ఉంచాలి. మ్యూజియములలో దీనికి వాడే రసాయనాలు విషపూరితమైనవి, ఇంటి పని కాదు. పీవీసీ సంచులు, ఓకు చెక్క పెట్టెలు కూడా పనికిరావు, వాటి ఆవిరి లోహాన్ని తింటుంది. ఇట్టి వస్తువుల్లో సీసం కూడా ఉండవచ్చు, కాబట్టి చేతులు కడుక్కోవాలి, వంటగిన్నెలు వాడకూడదు. మేము వాడినది మా మరదలి పాయసపు గిన్నె. ఆ సంగతి ఆమెకు చెప్పుకోక తప్పలేదు.

పెద్దాయన ప్రతి బొత్తాం ప్రక్కన అది పొలంలో ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో చిన్న చీటీ మీద వ్రాసి పెట్టారు. చీటీ లేని బొత్తాం నోరు లేనిదని ఆయన అభిప్రాయం. దగ్గరలోనే ఉన్న యుద్ధభూమిలో మాత్రం ఆయన ఎన్నడూ వెదకలేదు. అది జాతీయ పార్కు, అక్కడ మెటల్ డిటెక్టరు వాడడం నేరం. ప్రభుత్వ భూముల్లో అనుమతి లేకుండా పురాతన వస్తువులు త్రవ్వరాదని 1979లో చట్టం కూడా చేశారు. ఇతరుల పొలంలోనైతే యజమాని అనుమతి ఉండాలి.

మేము పాడుచేసిన బొత్తాన్ని ఆయన తిరిగి మా చిన్నవాడికే ఇచ్చారు, దాని చీటీతో సహా. మా తొందరలో వెనుకవైపు తోమలేదు గనుక అక్షరాలు అలాగే ఉన్నాయి. ఇప్పుడది మా ఇంట్లో చిన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లం ప్రక్కన ఉన్నది. మావాడు గ్రద్దను క్రిందికి పెట్టి, అక్షరాలు పైకి కనబడేలా ఉంచుతాడు.