కింద కొట్టు... పైన ఇల్లు!

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. తీరా చూస్తే ఉప్పు నిండుకుంది. చెప్పులేసుకుని కిందికి దిగి తెచ్చుకోగలిగితే అదృష్టం. అందుకూ కారు తీయాల్సి వస్తే ఎంత ఖరీదైన ఫ్లాట్ అయినా వెలితే. కెనడాలోని టొరంటో నగరం ఆ వెలితిని పూడ్చుకునేందుకు ఇళ్ల నమూనానే మార్చుకుంటోంది.

వీధి ఎంతో... ఎత్తు అంత

టొరంటో నడిబొడ్డున ఆకాశహర్మ్యాలు. వాటిని దాటగానే రెండంతస్తుల పాత ఇళ్లు. ఈ రెంటికీ మధ్యరకం భవనాలే ఆ ఊళ్లో కరవు. అందుకే నగరపాలక సంస్థ 2010లో ప్రధాన వీధుల కోసం ఒక లెక్క వేసింది. వీధి ఎంత వెడల్పుంటే భవనం అంత ఎత్తు కట్టుకోవచ్చు. ఆ వీధుల వెడల్పు 20 నుంచి 36 మీటర్లు. అంటే ఐదారు అంతస్తుల నుంచి పదకొండు దాకా లేస్తాయి. అక్కడ కాండో అని పిలిచే సొంత ఫ్లాట్లకు ఇది కొత్త రూపం. వెనకున్న చిన్న ఇళ్ల మీద నీడ పడకుండా పై అంతస్తులు మెట్లుమెట్లుగా లోపలికి జరగాలని కూడా అన్నారు. దాంతో నిర్మాణం భారమవుతోందని 2024లో ఆ నియమాన్ని సడలించారు.

అసలు కీలకం మాత్రం కింది అంతస్తు. దాని ఎత్తు కనీసం 4.5 మీటర్లు ఉండాలన్నారు. కాపురానికి అంత ఎత్తు అక్కర్లేదు. అది కొట్టు కోసం.

దుకాణాల్లేని కాలనీ

కొట్టు లేకపోతే ఏమవుతుందో రీజెంట్ పార్క్ చెబుతుంది. 1948లో పనులు మొదలైన ఈ 69 ఎకరాల ప్రభుత్వ గృహ సముదాయంలో పాత వీధుల్ని మూసేశారు. దుకాణాలకు చోటివ్వలేదు. పేదలకు ఇళ్లయితే దక్కాయి కానీ, ఆ పేట ఊరికి ఎడమైపోయింది. 2005లో పునర్నిర్మాణం మొదలుపెట్టాక వీధుల్ని మళ్లీ తెరిచారు. కొత్త భవనాల కింద కిరాణా సూపర్‌మార్కెట్, బ్యాంకు వచ్చాయి.

దుకాణదారుడి చూపే వీధికి కాపలా అని 1961లోనే రాసిన నగర జీవన రచయిత్రి జేన్ జేకబ్స్, 1968లో ఈ నగరానికే వచ్చి స్థిరపడ్డారు. ఆమె మాట నిజమని రీజెంట్ పార్క్ ఆలస్యంగా తెలుసుకుంది.

అడ్డంకులు ఎన్నో

ఇళ్ల కింద కొట్టు పెట్టడం అంత తేలిక కాదు. ఫ్లాట్ల గోడల కొలతకు స్తంభాలు దగ్గరదగ్గరగా వస్తాయి. సరుకుల అరలకూ తోపుడు బండ్లకూ అవి దూరంగా ఉండాలి. లారీ వెనక్కి తిరిగి సరుకు దించుకునే జాగా కావాలి. ఫ్రీజర్ల రొద పై ఇంటికి వినపడకూడదు. చిన్న స్థలంలో సెల్లారులోకి దిగే కారు దారే కింది అంతస్తును సగం మింగేస్తుంది. కొత్త భవనాలు ఇన్ని కార్లకు చోటు చూపించి తీరాలన్న నిబంధనను నగరం 2021 డిసెంబరులో చాలావరకు ఎత్తేయడంతో ఈ చిక్కు కొంత తగ్గింది.

ఇంకో ముడి కాగితాల్లో ఉంది. పోటీ కొట్టు పెట్టకూడదంటూ పెద్ద కిరాణా సంస్థలు స్థలాల మీద రాయించుకునే షరతులపై కెనడా కాంపిటీషన్ బ్యూరో 2024లో దర్యాప్తు మొదలుపెట్టింది.

చిన్న కొట్టే మేలు

కొట్టు వస్తే చాలదు, అందులో ధరలు పాత కాపురస్తులకూ అందాలి, చుట్టూ ఉన్న చిన్న కొట్లూ బతకాలి. చిన్నచిన్న పళ్ల, చేపల, మసాలా దుకాణాలకు పేరుపడ్డ కెన్సింగ్టన్ మార్కెట్ పక్కనే 2013లో వాల్‌మార్ట్ వస్తుందనగానే స్థానికులు ఉద్యమించారు. అది రాలేదు. వాళ్లది కొట్ల మీద కోపం కాదు. ఒక్క పెద్ద దుకాణం పది చిన్నవాటిని మూయిస్తుందన్న భయం. కొత్త భవనాలు కింద ఒకే పెద్ద హాలు కాకుండా, చిన్న వ్యాపారి అద్దె కట్టగలిగేంత గదులు కూడా కట్టాలి.

టొరంటోలో కాండో కొనాలనుకునే తెలుగువారికి ఒక మాట. జిమ్, ఈతకొలను చూసే ముందు కింది అంతస్తులో ఏం రాబోతోందో అడగండి. ఈతకొలనులోకి ఎప్పుడో దిగుతారు. పాలప్యాకెట్ మాత్రం రోజూ కావాలి.