వరి వేళ్ళ వద్ద లోహ ఉత్ప్రేరకాలు: మీథేన్ నుంచి మిథనాల్

కృష్ణా పశ్చిమ డెల్టాలోని పొన్నూరు ప్రాంతంలో ఖరీఫ్ నాట్లు పడిన నాటి నుంచి వరి మడుల్లో నీరు నిలిచి ఉంటుంది. నల్లరేగడి నేలలో ప్రాణవాయువు తరిగిన కొద్దీ సేంద్రియ పదార్థం కుళ్ళి మీథేన్ వెలువడుతుంది. నూరేళ్ళ కాలవ్యవధిలో ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు అధికంగా భూతాపాన్ని పెంచుతుంది.

హైడ్రోకార్బన్లలో అతి సరళమైన మీథేన్ పరిశ్రమకు విలువైన ముడిసరుకు. అయితే దానిలోని కార్బన్-హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 439 కిలోజౌళ్ళ శక్తి అవసరం. అందువల్ల కర్మాగారాల్లో నికెల్ ఉత్ప్రేరకంపై 800 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో మీథేన్‌ను నీటి ఆవిరితో చర్య జరిపి, లభించిన వాయు మిశ్రమం నుంచి మిథనాల్ తయారు చేస్తారు. 1998లో రాయ్ పెరియానా బృందం ప్లాటినం సంక్లిష్టం సాయంతో, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, మీథేన్‌ను 70 శాతానికి పైగా మిథనాల్ ఉత్పన్నంగా మార్చింది. ఆమ్లం నుంచి మిథనాల్‌ను వేరుచేయడం మాత్రం వ్యయభరితం.

ఇదే మార్పును వరి వేళ్ళ చుట్టూ జీవించే మీథేన్ భక్షక బాక్టీరియా సాధారణ ఉష్ణోగ్రతలోనే సాధిస్తాయి. వాటి మీథేన్ మోనోఆక్సిజినేజ్ ఎంజైముల్లో ఒక రకం రాగిపై, మరొకటి ఇనుముపై ఆధారపడుతుంది. ఏర్పడిన మిథనాల్‌ను ఆ జీవులే తమ పెరుగుదలకు వినియోగించుకుంటాయి. ఈ చర్యకు ప్రాణవాయువు తప్పనిసరి. నీరు నిలిచిన మడిలో అది ప్రధానంగా వరి కాడలోని గాలి గదుల ద్వారా వేళ్ళకు చేరుతుంది. కనుక పొలంలో రాగి లవణాలు చల్లడం పరిష్కారం కాదు. నేలకు గాలి అందించడమే మార్గం.

ఇందుకు ఆరుతడి పద్ధతి అనుకూలం. నాటిన రెండు వారాల తరువాత, రంధ్రాలున్న గొట్టాన్ని మడిలో పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరినప్పుడు తిరిగి తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం 5 సెంటీమీటర్ల నీరు నిలపాలి. ఐపీసీసీ 2019 మార్గదర్శకాల ప్రకారం, నిరంతరం నీరు నిలిపిన మడితో పోలిస్తే ఒకసారి ఆరగడితే మీథేన్ సుమారు 29 శాతం, పలుమార్లు ఆరగడితే 45 శాతం తగ్గుతుంది. యూరియా వేసిన వెంటనే ఆరగడితే నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. కావున ఎరువుకూ తడికీ పొత్తు కుదర్చాలి.

మడి నుంచి మడికి నీరు పారే డెల్టాలో ఒక్క రైతు తన పొలాన్ని విడిగా ఆరగట్టలేడు. ఒకే పంట బోదె కింది రైతులు కలిసి తడుల వంతులు నిర్ణయించుకున్నప్పుడే ఈ పద్ధతి ఫలిస్తుంది.