పారిశ్రామిక స్వయంచాలనలో వాయుచోదిత సాంకేతికత

వాయుచోదిత సాంకేతికత అనగా సంపీడనం చెందిన గాలిలోని శక్తితో యంత్రభాగాలను కదిలించే సాంకేతిక శాస్త్రము. వాడుకలో దీనిని న్యూమాటిక్స్ అంటారు. గ్రీకు భాషలో 'న్యూమా' అనే మాటకు ఊపిరి, గాలి అని అర్థము. కర్మాగారాలలో వస్తువులను పట్టుకొనుట, నెట్టుట, ఎత్తుట, బిగించుట, వేరుచేయుట వంటి అనేక పనులు ఈ పద్ధతిలో జరుగుతున్నవి. ఆర్టీసీ బస్సు ఆగినపుడు వినిపించే 'బుస్సు'మనే శబ్దం కూడా బ్రేకుల నుండి వెలువడే సంపీడిత గాలిదే.

గత మూడు దశాబ్దాలలో ఈ రంగంలో వచ్చిన మార్పులను పరిశీలించినచో ఒక సంగతి స్పష్టమగును. కొత్త పరికరాలలో అధికభాగం ఎక్కువ బలం కొరకు రూపొందించినవి కావు. తక్కువ గాలితో అదే పని చేయుటకు, ఖర్చయిన గాలిని లెక్కించుటకు రూపొందించినవి. గాలి ఉచితమే గాని సంపీడిత గాలి ఉచితం కాదు. కర్మాగారంలో వాడే శక్తి రూపాలలో మిక్కిలి ఖరీదైన వాటిలో అది ఒకటి.

== పనిచేయు విధానము ==

కంప్రెసరు బయటి గాలిని పీల్చి సుమారు ఏడోవంతు ఘనపరిమాణానికి కుదించును. వేడెక్కిన గాలిని చల్లార్చి, తేమ తొలగించి, ట్యాంకులో నిల్వచేసి గొట్టాల ద్వారా యంత్రాల వద్దకు పంపుతారు. యంత్రం ముందు ఫిల్టరు, రెగ్యులేటరు, లూబ్రికేటరు కలిసిన ఒక అమరిక ఉండును. కార్మికులు దీనిని 'ఎఫ్.ఆర్.ఎల్.' అని పిలుస్తారు. ఇప్పటి సిలిండర్లలో చాలావాటికి తయారీ సమయంలోనే గ్రీజు పెట్టి ఇస్తున్నందున లూబ్రికేటరు అవసరం తగ్గిపోయినది. అక్కడి నుండి సోలెనాయిడ్ వాల్వు ఆజ్ఞ ప్రకారం గాలిని సిలిండరుకు ఒక వైపు గాని రెండో వైపు గాని పంపును. పిస్టను ముందుకు, వెనుకకు కదలును. (మన పాఠ్యపుస్తకాలలో పిస్టనును 'ముషలకము' అని వ్రాసేవారు. పనిచేసే చోట అందరూ పిస్టను అనే అంటారు గనుక ఈ వ్యాసంలోనూ అదే మాట వాడబడినది.)

బలాన్ని లెక్కించుట సులభము. పీడనాన్ని పిస్టను వైశాల్యంతో గుణించిన చాలును. 50 మి.మీ. వ్యాసం గల పిస్టనుపై 6 బార్ పీడనం కలిగించే బలం సుమారు 1,178 న్యూటన్లు, అనగా దాదాపు 120 కిలోల బరువుకు సమానము. అరచేతిలో పట్టే సిలిండరు ఒక బస్తాను మించిన బరువును ఎత్తగలదు. పైగా అడ్డు తగిలినచో కాలిపోదు, ఆగి నిలబడును. విద్యుత్ మోటారుకు ఈ సహనం సహజంగా లేదు.

== చరిత్ర ==

క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరానికి చెందిన టెసీబియస్ గాలి పీడనంతో పనిచేసే యంత్రాలను నిర్మించినట్లు ప్రసిద్ధి. 17వ శతాబ్దంలో ఓటో ఫాన్ గెరిక్ వాయుపంపు ప్రయోగాలు, 1662లో వెలువడిన బాయిల్ నియమము దీనికి శాస్త్రీయమైన పునాది వేసినవి. ఫ్రాన్సు, ఇటలీల మధ్య ఆల్ప్స్ పర్వతాల క్రింద మాఁ సెనీ సొరంగం త్రవ్వుటకు ఇంజనీరు జెర్మాఁ సోమెయే 1861 నుండి సంపీడిత గాలితో నడిచే డ్రిల్లులను వాడెను. లోపల పొగ కక్కే యంత్రాలు పనికిరావు. గాలి డ్రిల్లు నుండి వెలువడిన గాలి కార్మికులు పీల్చుకొనుటకు కూడా పనికివచ్చెను. ఆ సొరంగం 1871లో ప్రారంభమైనది. 1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ రైలు గాలి బ్రేకుకు పేటెంటు పొందెను. కర్మాగారాల స్వయంచాలనలో న్యూమాటిక్స్ విస్తరించినది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతనే. ఇప్పుడు ఈ రంగంలో పేరుగాంచిన జర్మనీ సంస్థ ఫెస్టో 1950లలో ఈ పరికరాల వైపు మళ్ళినది. జపాను సంస్థ ఎస్.ఎం.సి. 1959లో స్థాపించబడినది.

== సంపీడిత గాలి ఖరీదు ==

సైకిలు పంపుతో గాలి కొట్టినపుడు పంపు అడుగు భాగం వేడెక్కుట అందరికీ తెలిసినదే. కంప్రెసరులోనూ అదే జరుగును. మోటారు చేసిన పనిలో అధికభాగం వేడిగా మారి పోవును. 2002లో ఏర్పడిన మన దేశపు ఇంధన సామర్థ్య సంస్థ తన శిక్షణ పుస్తకంలో, కంప్రెసరుకు ఇచ్చిన శక్తిలో 10 నుండి 30 శాతం మాత్రమే పని జరిగే చోటుకు చేరునని పేర్కొన్నది. అనగా యూనిట్ల లెక్కన చూచినచో గాలితో చేయించే పని నేరుగా కరెంటుతో చేయించే పనికంటే ఎన్నో రెట్లు ఖరీదు.

ఇక కారుట సంగతి. 6 లేక 7 బార్ల పీడనం గల గొట్టానికి 3 మి.మీ. రంధ్రం పడినచో దాని గుండా పోయే గాలిని తయారుచేయుటకు కంప్రెసరుకు సుమారు 3 కిలోవాట్ల విద్యుత్తు కావలెను. రాత్రింబవళ్ళు ఏడాది పొడవునా కారినచో 26,000 యూనిట్లు దాటును. ఒక మధ్యతరగతి కుటుంబం ఏళ్ళ తరబడి వాడుకొనే కరెంటు అది. నీరు కారినచో నేల తడియును, నూనె కారినచో మరక పడును, కరెంటు తీగ తెగినచో షాకు కొట్టును. గాలి కారినచో చిన్న శబ్దం తప్ప మరేమీ ఉండదు. ఆ శబ్దం కూడా యంత్రాల హోరులో కలిసిపోవును. నిర్వహణ సరిగా లేని కర్మాగారాలలో ఉత్పత్తి అయిన గాలిలో 20 నుండి 30 శాతం ఈ విధంగా వృథా అగుట సాధారణమని అమెరికా ఇంధన శాఖ అంచనా.

పీడనం విషయంలోనూ జాగ్రత్త అవసరము. ఎక్కడో ఒక యంత్రానికి బలం చాలలేదని మొత్తం కర్మాగారం పీడనాన్ని ఒక బార్ పెంచినచో కంప్రెసరు ఖర్చు సుమారు 7 శాతం పెరుగును. పీడనం పెరిగిన కొలదీ రంధ్రాల నుండి కారే గాలి కూడా పెరుగును.

== కంప్రెసర్లలో మార్పులు ==

పాత స్క్రూ కంప్రెసర్లు రెండే స్థితులలో పనిచేయును. గాలి కావలసినపుడు పూర్తి వేగంతో నింపును, అక్కరలేనపుడు మోటారు తిరుగుతూనే ఉండును గాని గాలి ఇవ్వదు. ఈ ఖాళీ తిరుగుడుకు కూడా పూర్తి శక్తిలో సుమారు నాలుగోవంతు ఖర్చగును. 1990ల నుండి అవసరాన్ని బట్టి మోటారు వేగాన్ని మార్చే కంప్రెసర్లు వ్యాప్తిలోకి వచ్చినవి. గాలి వాడకం గంటగంటకూ మారే చోట్ల ఇవి మిక్కిలి లాభకరము. వాడకం ఎల్లవేళలా పూర్తి స్థాయిలో ఉండే చోట మాత్రం వీటి వలన ప్రయోజనం స్వల్పము. వృథా అయ్యే వేడితో నీటిని కాచుకొనే ఏర్పాటు కూడా ఇప్పుడు చాలా కంప్రెసర్లకు లభ్యమగుచున్నది.

== వాల్వులలో మార్పులు ==

అన్నింటికంటే ఎక్కువ మార్పు జరిగినది వాల్వులలోనే. పూర్వం ఒక్కొక్క సోలెనాయిడ్ వాల్వుకు విడివిడిగా తీగలు లాగేవారు. వాల్వులన్నింటినీ ఒకే దిమ్మెపై అమర్చి, ఒకే సమాచార తీగ ద్వారా కంప్యూటరు నియంత్రికతో కలిపే 'వాల్వు టెర్మినల్' 1980ల చివర వచ్చినది. 2013లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఐఓ-లింక్ విధానం వలన వాల్వులు, సెన్సారులు ఆజ్ఞలు అందుకొనుటయే గాక తమ స్థితిని కూడా తెలుపుచున్నవి. పిస్టను ఒక చివర నుండి మరొక చివరకు చేరుటకు పట్టే కాలం రోజురోజుకూ పెరుగుచున్నచో సీలు అరిగినదని, లేక గాలి కారుచున్నదని యంత్రం ఆగకముందే గ్రహించవచ్చును.

వాల్వును ఎక్కడ ఉంచవలెననునది చిన్న విషయంగా కనబడును గాని దానిలో పెద్ద లెక్క ఉన్నది. 32 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. స్ట్రోకు గల సిలిండరులో పట్టే గాలి సుమారు 40 ఘన సెంటీమీటర్లు. దానికి 6 మి.మీ. లోపలి వ్యాసం గల గొట్టాన్ని 5 మీటర్ల దూరం నుండి తెచ్చినచో ఆ గొట్టంలో పట్టే గాలి సుమారు 141 ఘన సెంటీమీటర్లు. ప్రతిసారీ ఆ గొట్టం నిండవలెను, ఖాళీ కావలెను. అనగా పనిచేసే గాలికంటే గొట్టంలో నిండి వృథాగా పోయే గాలి మూడున్నర రెట్లు. చిన్న సిలిండర్ల విషయంలో వాల్వును సిలిండరు చెంతనే అమర్చే పద్ధతి అందుకే బలపడినది.

చాలా యంత్రాలలో పిస్టను ముందుకు పోవునపుడే బరువు పని చేయును, వెనుకకు ఖాళీగా వచ్చును. అయినను రెండు వైపులా 6 బార్ల గాలినే వాడుట అలవాటు. తిరుగు ప్రయాణానికి 3 బార్లు చాలుననుకొందము. వాయు నియమాలలో వాతావరణ పీడనాన్ని కూడా కలిపి లెక్కించవలెను గనుక 7కు బదులు 4 భాగాలు, అనగా ఆ స్ట్రోకులో సుమారు 43 శాతం గాలి ఆదా అగును. దీనికి కావలసినది ఒక చిన్న రెగ్యులేటరు మాత్రమే.

2017లో జర్మనీలోని హానోవర్ ప్రదర్శనలో ఫెస్టో సంస్థ చూపిన 'మోషన్ టెర్మినల్' ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకువెళ్ళినది. విద్యుత్తు సోకగానే వంగే పీజో పలకలు దీనిలోని చిన్న కవాటాలను నడుపును. ఒక సిలిండరుకు నాలుగు కవాటాలు వంతెన ఆకారంలో అమర్చి ఉండుటచే, గాలి లోపలికి పోవుటను, బయటికి వచ్చుటను విడివిడిగా నియంత్రించవచ్చును. పరికరాన్ని మార్చకుండానే సాఫ్ట్‌వేరు మార్చి దానితో వేరు వేరు వాల్వుల పనులు చేయించవచ్చును. సాధారణ పద్ధతిలో పిస్టను గమ్యం చేరిన తరువాత కూడా సిలిండరులో పీడనం పూర్తి స్థాయికి పెరుగుతూనే ఉండును. ఇది గమ్యం చేరగానే గాలిని ఆపివేయగలదు. అయితే ఇది ఖరీదైన పరికరము. ఒకే కదలిక మాత్రమే అవసరమైన చోట సామాన్య వాల్వే మేలు.

== కారుటను కనుగొనుట ==

సబ్బునీరు పూసి బుడగలు చూచుట పాత పద్ధతి, ఇప్పటికీ చెడ్డది కాదు. సన్నని రంధ్రం నుండి వచ్చే గాలి మనిషి చెవికి వినబడని అతిధ్వనులను కూడా పుట్టించును. వాటిని పట్టే చేతి పరికరాలు చాలాకాలంగా ఉన్నవి. గత దశాబ్దంలో అనేక మైక్రోఫోనులు గల ధ్వని కెమెరాలు వచ్చినవి. ఇవి కారే చోటును తెరపై రంగు మచ్చగా చూపును. యంత్రం పని మానినదని గాలి ప్రవాహాన్ని బట్టి తానే గ్రహించి సరఫరాను తగ్గించే లేక ఆపివేసే పరికరాలను ఫెస్టో, ఎస్.ఎం.సి. వంటి సంస్థలు విక్రయించుచున్నవి. గాలి వ్యవస్థలో శక్తి వినియోగాన్ని పరిశీలించు పద్ధతికి 2013లో ఐ.ఎస్.ఓ. 11011 అనే ప్రమాణము వెలువడినది.

ఇవేవీ కొనలేని చిన్న పరిశ్రమలకు గడియారం ఒక్కటే చాలు. సెలవు దినాన యంత్రాలన్నీ ఆపి, గొట్టాలలో గాలి ఉండగా, కంప్రెసరు ఎంతసేపు నింపుచున్నదో, ఎంతసేపు ఊరకున్నదో చూడవలెను. నింపిన కాలాన్ని మొత్తం కాలంతో భాగించినచో వృథా శాతం వచ్చును. ఒకటిన్నర నిమిషం నింపి మూడున్నర నిమిషాలు ఊరకున్నచో వృథా 30 శాతము. వేగం మార్చుకొనే కొత్త కంప్రెసర్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

== విద్యుత్ సిలిండర్లతో పోటీ ==

మోటారు, మరస్క్రూ కలిపిన విద్యుత్ సిలిండర్లు చవకబడుటచే న్యూమాటిక్స్ పని అయిపోయినదను మాట తరచుగా వినబడును. ఇది తొందరపాటు మాట. మధ్యలో అనేక చోట్ల కచ్చితంగా ఆగవలసిన పనికి, ఎడతెరపి లేక సాగే పొడవైన కదలికలకు విద్యుత్ పద్ధతియే తగినది. గాలి స్పాంజి వలె నొక్కుకొనే గుణం గలది, సీళ్ళ రాపిడి దానికి తోడు. కావున పిస్టనును మధ్యలో నిలుపుట కష్టము. అనుపాత వాల్వులు, స్థాన సెన్సారులతో ఇది కొంతవరకు సాధ్యమైనది గాని ఖర్చు ఎక్కువ. దీనికి భిన్నంగా, ఒక వస్తువును బిగించి చాలాసేపు పట్టి ఉంచవలెనన్నచో గాలియే మేలు. లోపల మూసిన గాలి, కారనంతవరకు, ఏ ఖర్చూ లేకుండా బలాన్ని నిలుపును.

== మృదు రోబోలు ==

గాలి నొక్కుకొనే గుణమే ఇక్కడ వరమైనది. 1950లలో అమెరికా భౌతికశాస్త్రవేత్త జోసెఫ్ మెక్‌కిబెన్, పోలియో సోకిన తన కుమార్తె చేతికి సాయంగా, అల్లిన తొడుగులో రబ్బరు గొట్టం పెట్టి కృత్రిమ కండరాన్ని రూపొందించెను. గాలి నింపగానే అది ఉబ్బి పొట్టిదగును. ఏనుగు తొండాన్ని పోలిన ఫెస్టో వాయుహస్తానికి 2010లో జర్మనీ అధ్యక్షుని సాంకేతిక పురస్కారం లభించినది. పండ్లు, గ్రుడ్లు, బేకరీ పదార్థాలను నలపకుండా పట్టే మెత్తని రబ్బరు వ్రేళ్ళు ఇప్పుడు ఆహార పరిశ్రమలో వాడుకలో ఉన్నవి. 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌డియాగో పరిశోధకులు ఎలక్ట్రానిక్ భాగాలేవీ లేకుండా కేవలం గాలి వాల్వుల వలయంతో నడక సాగించే నాలుగు కాళ్ళ మృదు రోబోను ప్రకటించిరి.

== తెలుగు రాష్ట్రాలలో ==

హైదరాబాదు, విశాఖపట్నం పరిసరాలలోని ఔషధ కర్మాగారాలలో మండే ద్రావణులు ఎక్కువ. చిన్న నిప్పురవ్వ కూడా ప్రాణాంతకము. అట్టి చోట్ల గాలితో నడిచే డయాఫ్రం పంపులు, గాలితో తెరుచుకొనే వాల్వులు అనుకూలము. ఈ పంపును 1955లో అమెరికాలో జిమ్ విల్డెన్ కనుగొనెను. పంపు వద్ద విద్యుత్తు అవసరం లేకపోవుట దీని బలము. స్థిరవిద్యుత్తు చేరకుండా పంపుకు ఎర్తు కలుపుట మాత్రం తప్పనిసరి.

మనకు అతి చేరువలోని ఉదాహరణ రైసు మిల్లు. బియ్యంలోని నల్ల గింజలను, రాళ్ళను ఏరే యంత్రాన్ని మన మిల్లర్లు 'సార్టెక్స్' అంటారు. ఇది నిజానికి ఒక బ్రిటిషు సంస్థ పేరు. జారుచున్న గింజలను కెమెరాలు చూచును, రంగు తేడా గల గింజ ఎదురుగా రాగానే ఒక వాల్వు సెకనులో వెయ్యవ వంతు స్థాయి కాలం పాటు తెరుచుకొని దానిని గాలితో ఊదివేయును. ఆ ఊదుడు ఎంత సన్నగా, ఎంత కురచగా ఉన్నచో నల్ల గింజతో పాటు పోయే మంచి గింజలు అంత తగ్గును. అందుచే ఈ యంత్రాలలో వాల్వు వేగమే మిల్లరుకు దక్కే బియ్యాన్ని నిర్ణయించును. గాలిలో తేమ గాని నూనె గాని ఉన్నచో వాల్వులు అంటుకొని నెమ్మదించును. కనుక సార్టెక్స్ యంత్రం ముందు మంచి డ్రయరు, ఫిల్టరు తప్పక ఉండవలెను, వాటి నీటిని ప్రతిదినం వదలవలెను.