మిరపపై మోపిన నింద

ఉత్తరమున గుంటూరు మిరప కల్లములు మొదలుకొని దక్షిణమున కందుకూరు పొగాకు చేల వఱకు వ్యాపించిన ఈ సీమలో, గుండెలో మంట అను మాట చెవిని పడినంతనే జనులు నేరము మోపునది ఒక్క మిరపకాయ మీదనే. సింగరాయకొండ బజారులో ఏ మందుల దుకాణము ఎదుటనైనను ఒక సాయంకాలము నిలుచున్నచో ఇట్టి సంభాషణ వినరాకపోదు.

"అబ్బాయ్, గ్యాస్ బిళ్ళలు రెండియ్యి. రాత్రంతా పుల్లతేన్పులు, గుండెల్లో ఒకటే మంట."

"ఏం తిన్నావు పెదనాయనా?"

"ఏముంది, ఇంత గోంగూర పచ్చడి. ఆ కారం పాడుగాను!"

పచ్చడి సంగతి చెప్పిన పెద్దమనిషి, దానిని తిన్నది రాత్రి పదిన్నరకని గాని, తినిన వెంటనే చేయి కడుగుకొని మంచమెక్కితినని గాని, ఆ రెంటి నడుమ ఒక చుట్ట ముట్టించితినని గాని చెప్పడు. దుకాణము కుఱ్ఱవాడును అడుగడు. అడుగక విడిచిన ఆ మూడు సంగతులలోనే వ్యాధిమూలము చాలవఱకు దాగియున్నదనియు, మిరపకాయ సహాయకుడే గాని ముఖ్యదోషి కాదనియు నా అభిప్రాయము.

ఇందుకు చరిత్రయే మొదటి సాక్షి. మిరప మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో పశ్చిమ తీరమునకు చేరి, పిమ్మట మన నల్లరేగళ్ళకు వచ్చినది. అంతకు పూర్వము తెలుగువాని నాలుకకు కారమనిన మిరియమే. కాగా, మిరప మన నేలను చూచుటకు ఎన్నో శతాబ్దములకు ముందే మాధవకరుడను ఆయుర్వేద వైద్యుడు తన నిదాన గ్రంథమున అమ్లపిత్తమును ప్రత్యేక వ్యాధిగా నిరూపించి, పైకి ఎగదన్నునది ఊర్ధ్వగమనియు క్రిందికి దిగునది అధోగమనియు విభజించి, చేదుపులుపుల తేన్పులు, ఱొమ్మునందును కంఠమునందును మంట, అరుచి దాని లక్షణములని చెప్పియున్నాడు. ముద్దాయి ఊరిలో అడుగిడకముందే జరిగిన నేరమునకు అతనిని శిక్షించుట ఏ న్యాయస్థానమునందును చెల్లదు గదా!

ఇక దేహములో జరుగు వ్యాపారమును చూతము. గొంతునుండి జీర్ణకోశమునకు పోవు అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుగల కండరనాళము. దాని అడుగున ఒక కండరవలయ మున్నది. ముద్ద మ్రింగినపుడు తెఱచుకొని, ముద్ద దిగినంతనే బిగిసికొనును. ఛాతిని ఉదరమునుండి వేఱుచేయు విభాజకపటలము చుట్టునుండి దానికి ఊతమిచ్చుచుండును. జీర్ణకోశములో ఊరు రసము నిజమైన హైడ్రోక్లోరికామ్లమని విలియం ప్రౌట్ అను ఆంగ్ల వైద్యుడు 1823లో చూపినాడు. ఆ ఆమ్లమునకు తాళుటకు జీర్ణకోశమునకు దట్టమైన జిగురుపొర కవచముగా నున్నది. అన్నవాహికకు అట్టి కవచము లేదు. కడుపు ఉబ్బినపుడు గాలిని పైకి విడుచుటకై ఆ వలయము మ్రింగుడుతో పని లేకయే క్షణకాలము సడలును. తేన్పు వచ్చునది అట్లే. మితిమించి తినిన రాత్రి ఈ సడలింపులు మాటిమాటికి కలిగి, గాలితోపాటు ఆమ్లమును పైకి పంపును. కాబట్టి ఈ వ్యాధిలో పెక్కుమందికి ఆమ్లము అధికమగుటకంటె అది ఉండరాని చోటికి పోవుటయే బాధాకారణము. సాగరు కాలువలో నీరు ఎక్కువై కాక, తూము తలుపు సరిగా పడక చేను మునిగినట్లు.

ఈ తలుపును సడలజేయువానిలో మన సీమకు మిక్కిలి సమీపమైనది పొగాకు. టంగుటూరు, కొండపి, కందుకూరు వేలములకు ఆకు పండించు ఈ ప్రాంతమున మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినవనిన ఆకును వేడిమితో ఆరబెట్టు బ్యారన్ల వద్ద రాత్రి రాత్రియే కాదు. పొయ్యిలో కట్టె ఎగదోయుచు, లోపలి వేడిమి ఒక గీత హెచ్చినను తగ్గినను ఆకు రంగు చెడునను భయముతో కునుకు తీయని కాపు, వేళ తప్పి ఏ అర్ధరాత్రియో క్యారియరు విప్పి అన్నము తిని, నిద్ర ఆపుకొనుటకు టీ మీద టీ త్రాగి, చుట్టయో బీడీయో కాల్చి, తెల్లవాఱుజామున అచ్చటనే ఒక గోనెపట్టా మీద నడుము వాల్చును. నికొటిను కండరవలయమును సడలించును. పొగ లాలాజలమును తగ్గించును. లాలాజలములో క్షారగుణ మున్నది గనుక, దానిని మ్రింగినపుడెల్ల పైకి వచ్చిన ఆమ్లము విఱుగుచుండును. ఆ సహజౌషధము కూడ కరవైన పిమ్మట మంట గాక మఱేమి మిగులును? 1976లో స్థాపితమైన పొగాకు బోర్డు గుంటూరునుండి ఈ పంట క్రయవిక్రయములను చూచుచున్నది. పండించువారిని నిందించుట నా ఉద్దేశము కాదు. పండించిన దానిని కాల్చవలయునను నియమము మాత్రము ఏ బోర్డును పెట్టలేదు.

రెండవది రాత్రి భోజనము. నిలుచున్నవానికి, కూర్చున్నవానికి భూమ్యాకర్షణము తోడుపడి ఆమ్లమును క్రిందనే ఉంచును. పండుకొనినవానికి ఆ సాయము లేదు, నిద్రలో లాలాజలము ఊరుటయు మ్రింగుటయు తగ్గును. కనుక భోజనమునకును శయనమునకును నడుమ మూడు గంటల వ్యవధి ఉండవలయును. రాత్రి మంట విడువనివారు మంచము తలవైపు కోళ్ళక్రింద ఇటుకలు పెట్టి 6 నుండి 8 అంగుళములు ఎత్తు చేసికొనవలెను. దిండుమీద దిండు పేర్చుకొనినచో మెడ వంగి, పొట్ట మడతపడి, ఒత్తిడి హెచ్చుటయే గాని ప్రయోజనము లేదు. ఎడమప్రక్కకు తిరిగి పండుకొనినపుడు జీర్ణకోశము అన్నవాహిక ద్వారముకంటె దిగువన ఉండును గనుక బాధ తగ్గును. తినినపిమ్మట మెల్లగా నాలుగడుగులు వేయుట మేలు. పొట్టనిండ తిని నరసింహస్వామి కొండ మెట్లు ఎక్కబోవుట మేలు కాదు.

మఱి మిరప మాటయేమి? మిరపలోని కారమునకు కారణమైన క్యాప్సైసిన్ అను ద్రవ్యము దేహమునందు వేడిమిని, నొప్పిని గుర్తించు నాడీగ్రాహకమును తాకును. ఆ గ్రాహకమును 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానము లభించినది. అనగా ఆమ్లము తగిలి ఇదివఱకే ఒఱసికొనిపోయిన అన్నవాహికమీద కారము పడినపుడు ఆ మంట రెట్టింపుగా తోచును. అట్టివారు పండుమిరప పచ్చడిని కొంతకాలము దూరముగా నుంచుట న్యాయమే. ఏ బాధయు లేనివాడు భయపడి చప్పిడికూడు తిననక్కరలేదు. బస్టాండులో సలసల కాగు నూనెనుండి తీసిన మిరపకాయ బజ్జీ తిని కారమును తిట్టువారు, ఆ నూనెను, పైన త్రాగిన టీని ఏల తిట్టరో నాకు బోధపడదు. కొవ్వు జీర్ణకోశము ఖాళీయగుటను ఆలస్యపఱచును. నూనెకు పడవలసిన శిక్ష మిరపకు పడుచున్నది.

పొట్ట పెరుగుట, లుంగీ గాని లంగాబొందు గాని బిగించి కట్టుట, మద్యము, గర్భము, కొన్ని రక్తపోటు మాత్రలు, కీళ్ళనొప్పుల బిళ్ళలు, ఇవన్నియు ఈ బాధకు దోహదము చేయునవే. మిరప కోతలకు పోవు స్త్రీల సంగతి వేఱు: మధ్యాహ్నము గట్టుమీద సద్ది విప్పి తిని, కూలి గంట తప్పునని వెంటనే సాలులో నడుము వంచుదురు. వంగినపుడు కడుపు నలిగి పులినీళ్ళు గొంతునకు వచ్చును. వారికి కావలసినది మందు కాదు, తినినపిమ్మట ఒక అరగంట విరామము. దానిని ఈయగలవాడు చేను ఆసామి.

మందులు లేకపోలేదు. జేమ్స్ బ్లాక్ అను శాస్త్రజ్ఞుని కృషిఫలముగా 1976లో ఆమ్లము ఊరుటను తగ్గించు సిమెటిడిన్ అను మందు వచ్చినది. ఆయనకు 1988లో నోబెల్ దక్కినది. అదే సంవత్సరమున వెలువడిన ఒమెప్రజోలు సంతతియే నేటి గ్యాస్ బిళ్ళలలో అధికభాగము. వానిని ఉదయాహారమునకు అరగంట ముందు వేసికొనవలెను. మనవారు మంట లేచిన పిమ్మట మ్రింగి, పనిచేయలేదని ఇంకొకటి మ్రింగుదురు. వైద్యుని అడుగక ఏండ్లతరబడి వాడినచో బి12 విటమిను, మెగ్నీషియము క్షీణించుట కలదు. వంటసోడా నీళ్ళు క్షణకాలము చల్లార్చును గాని రక్తపోటు గలవారికి అందలి సోడియము మంచిది కాదు. పాలును అంతే, త్రాగినపుడు హాయి, పిమ్మట మఱింత ఆమ్లము. పెప్పర్‌మెంటు బిళ్ళ చల్లగా తోచుచునే వలయమును సడలించును.

ముద్ద గొంతున అడ్డుపడుట, కారణము లేక బరువు తగ్గుట, నెత్తురు కక్కుట, నల్లని విరేచనము, ఇందులో ఏది కనబడినను గ్యాస్ బిళ్ళతో కాలయాపన చేయక, ఒంగోలు పోయి గొట్టముతో లోపల చూచు ఎండోస్కోపీ చేయించుకొనవలయును. ఇంకొకటి అంతకంటె తొందర కలది. ఛాతి పట్టివేసినట్లుండి, చెమటలు పోసి, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకుచున్నపుడు, "గ్యాస్ పట్టిందిలే, సోడా తాగి పడుకో" అని చెప్పు బంధువు ఇంటింట నున్నాడు. అతని మాట వినకుడు. 108కు ఫోను చేసి, ముందు గుండెకు ఇ.సి.జి. తీయించుడు.