మాటలు లేని పాట, పట్టని నిద్ర

జనాదరణ పొందిన పాటలోని మాటలను తొలగించి, ఆ బాణీని వయొలిన్లు, ఫ్లూటు, పియానోలతో మెల్లగా వాయించు పద్ధతి పాశ్చాత్య దేశములలో చాలకాలముగా ఉన్నది. 1967లో యూరోవిజన్ పోటీలో లక్సెంబర్గ్ పక్షమున పాడిన ఒక ప్రేమగీతమును ఫ్రాన్సు దేశీయుడు పాల్ మోరియా తన వాద్యబృందముతో వాయింపజేయగా, అది ‘లవ్ ఈజ్ బ్లూ’ అను పేర 1968లో అమెరికాలో ఐదు వారములు ప్రథమస్థానమున నిలిచినది. తరువాత ‘న్యూ ఏజ్’ పేరుతో విశ్రాంతి కొరకే సంగీతము కూర్చుట ప్రబలినది. ఐర్లండు గాయని ఎన్యా పాటలను 1996లో టాలియెసిన్ ఆర్కెస్ట్రా ఈ రీతిగానే వెలువరించినది. నాడు క్యాసెట్లలో, సీడీలలో విన్న ఈ సంగీతము నేడు సెల్‌ఫోనులో దిండు ప్రక్కన రాత్రంతయు మోగుచున్నది. మన పాత సినిమా పాటలకును ఈ మర్యాద జరుగుచున్నది.

“మందెందుకండీ, ఇది వింటే చాలదా?” అని నిద్రలేమితో వచ్చువారు పలువురు నన్నడుగుచున్నారు. శబ్దము నిద్రకు సాయపడునని మన శాస్త్రమునకు తెలియనిది కాదు. చరకసంహిత సూత్రస్థానము 21వ అధ్యాయములో నిద్ర పట్టనివారికి అభ్యంగము, స్నానము, పాలు, ఒళ్ళు పట్టుట, మంచి పడకలతో పాటు మనస్సునకు అనుగుణమైన గంధములు, శబ్దములు చెప్పబడినవి. మా గురువుగారు ఈ పాఠము చెప్పునప్పుడు ‘అనుగుణ’ అను పదము వద్ద తప్పక ఆగేవారు. “మృదువైన శబ్దమని అనలేదు, చూచితివా? రోగి మనస్సు ఎట్టిదో తెలియక ఏ శబ్దము మేలని చెప్పెదవు?” అనేవారు.

2021లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 50 మందికి పడుకొనబోవు ముందు ప్రసిద్ధమైన పాటలు వినిపించినారు. కొందరికి మాటలతో, కొందరికి వాద్యములతో మాత్రమే. మాటలు లేనిదే హాయి యని మనమందరము అనుకొందుము. కాని వాద్యరూపము విన్నవారికే ఆ పాట మనస్సులో ఆగక తిరుగుట ఎక్కువై నిద్ర చెడినది. నాకిందులో వింత కనబడలేదు. తెలిసిన పాటలో మాటలు తీసివేసిన, ఆ ఖాళీని నింపు పని మనస్సు మీద పడును. పని పెట్టిన మనస్సు నిద్రపోదు.

నా వద్దకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయినికి విదేశములోనున్న కుమారుడు ప్రేమతో పాత తెలుగు పాటల వాద్యరూపములను ఫోనులో అమర్చి పంపినాడు. వినుట మొదలిడిన తరువాత రాత్రి రెండయినను ఆమెకు కన్ను మూతపడుట లేదు. ఎంతో అడిగిన మీదట చెప్పినది: “అవి మా వారు పాడుకొనే పాటలండీ. మాటలు లేకపోయేసరికి ఆయన గొంతే వినిపిస్తోంది.” ఆ పాటలు మానుమని నేననలేదు. “సాయంకాలము దీపము పెట్టిన తరువాత వినండమ్మా, కన్నీరు వచ్చిన రానీయండి” అంటిని. రాత్రికి మాత్రము గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళ మర్దన, అరగ్లాసు వేడిపాలు, పిమ్మట నిశ్శబ్దము. నెల తిరుగునప్పటికి తెల్లవారుజాము నాలుగు వరకు నిద్రించగలిగినది. ఆ వయస్సునకు అది చాలును.

నిశ్శబ్దమును తక్కువగా ఎంచరాదు. 2006లో ప్రకటితమైన ఒక ఇటలీ పరిశోధనలో, సంగీతము నడుమ నిలిపిన రెండు నిమిషములలోనే గుండెవేగము, రక్తపోటు మొదటికంటెను దిగువకు వచ్చినవి.

కనుక ఇట్టి వాద్యసంగీతమును పని ముగించి ఇల్లు చేరిన వేళ ఇరువది నిమిషములు వినుడు, ఆపి కొంతసేపు ఊరక కూర్చొనుడు. పడక మీద వినక తప్పదన్నవారు తమకు తెలియని బాణీని, ఫ్యాను చప్పుడును మించని స్థాయిలో, కొంతసేపటికి దానంతట ఆగిపోవునట్లు పెట్టుకొనవలెను. చెవులలో ఇయర్‌ఫోనులతో నిద్రించవద్దు. మూడు వారములు దాటినను నిద్ర కుదరనివారు, గురకతో ఊపిరి ఆగి ఉలికిపడి లేచువారు వైద్యుని చూడవలెను. ఇదివరకే వాడుచున్న నిద్రమాత్రలను వైద్యుని అడుగక ఒక్కసారిగా మానరాదు.