కారు ముందుచక్రపు ఆర్మును మార్చుట

రెండెడ్ల బండికి కడచీల యెట్టిదో, కారు ముందుచక్రమునకు బాల్ జాయింటు అట్టిది. చక్రమును పట్టియుంచు లోయర్ ఆర్ము కొనయందు గూటిలో తిరుగు ఇనుపగోళమే యిది.

బందరు, గుడివాడ, దివిసీమలందలి నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చుటచే బాటలు గోతులు పడుచుండును. ఆ కుదుపులకు గోళము అరుగును. రబ్బరు తొడుగు చినిగిన బురదనీరు చొచ్చి మరింత త్వరగా అరుగును. గోతిలో టకటక చప్పుడు, స్టీరింగు ఒకవైపు లాగుట దీని గురుతులు. ఉపేక్షించిన గోళము ఊడి చక్రము ఒరగును. కాలువగట్టుపై అట్లయిన ప్రాణాపాయము.

మార్చునపుడు కారును చదునునేలపై నిలిపి, వెనుకచక్రములకు అడ్డుపెట్టి, చక్రపు నట్లను కొంచెము వదులుచేసి, జాకీతో ఎత్తి, స్టాండుపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. చక్రమును తీసి, జాయింటును పుల్లరుతో విడదీసి, బుష్షు బోల్టులు విప్పిన ఆర్ము వచ్చును. పెక్కు కార్లకు ఆర్మును జాయింటును ఒకటిగానే దొరకును.

క్రొత్తదానిని అమర్చిన పిదప, కారు బరువు చక్రములపై పడిన తరువాతనే బుష్షు బోల్టులను పూర్తిగా బిగింపవలెను. చక్రము వ్రేలాడుచుండగా బిగించినచో రబ్బరు మెలిపడి త్వరలో చినుగును. తుదకు అలైన్‌మెంటు చూపింపవలెను. లేనిచో టైర్లు ఒకప్రక్క అరుగును.

మేము చెప్పునది ఒక్కటే: చప్పుడు విన్ననాడే చూపించుడు. కోతలయిన పిదప చూతమనుట తగదు.